బందరు రాత్రి బండి

బందరు స్టేషన్‌లో బీదర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కేవాళ్ల సామాను చూస్తే చాలు, మా సీమ హైదరాబాద్‌కి ఏం పంపుతోందో తెలుస్తుంది. బియ్యం మూట, వాసెన కట్టిన ఆవకాయ జాడీ, ఎండు రొయ్యల పొట్లం, తొక్కుడు లడ్డు డబ్బా. ఆ లడ్డూ వలస వచ్చిందే. బుందేల్‌ఖండ్ నుంచి వచ్చిన బొందిలీలు తెచ్చిన విద్య అని మా పెద్దలు చెబుతారు.

బందరు నుంచి హైదరాబాద్‌కి ఈ దారి పాతది. గోల్కొండ సుల్తానులకు బందరే రేవు. 1605లో డచ్చివాళ్లు, 1611లో ఇంగ్లీషువాళ్లు దిగింది ఇక్కడే. ఆ వైభవం పోయింది. 1864 ఉప్పెన ఊరిని ఊడ్చేసింది.

ఆ తర్వాత మమ్మల్ని నిలబెట్టింది అంతకు ముందే కట్టిన బెజవాడ ఆనకట్ట. 1855లో అది పూర్తయ్యాక కాలవ నీళ్లు పొలాలకెక్కాయి. తిండికి పోను మిగిలిన వడ్లు డబ్బయ్యాయి, ఆ డబ్బు పిల్లల చదువైంది. 1923 ఒక్క ఏడాదే చూడండి: మేలో నిమ్మకూరులో ఎన్టీఆర్ పుట్టారు, సెప్టెంబరులో గుడివాడ దగ్గర రామాపురంలో అక్కినేని పుట్టారు, నవంబరులో భోగరాజు పట్టాభి సీతారామయ్య బందరులో ఆంధ్రా బ్యాంకు పెట్టారు. ఆ ఇద్దరూ, ఆ బ్యాంకూ చివరికి హైదరాబాద్ చేరారు. 1976లో అక్కినేని అన్నపూర్ణ స్టూడియో వచ్చింది, 1983లో ఎన్టీఆర్ ముఖ్యమంత్రి అయ్యారు. మా పొలాల మిగులే అక్కడ సినిమాగా, వ్యాపారంగా, కూకట్‌పల్లి కాలనీలుగా మారిందని నా నమ్మకం. మా రాకతో తమ ఉద్యోగాలు, భూములు పోతున్నాయని అక్కడివాళ్లు పడ్డ బాధా నిజమే. 1969లో ప్రత్యేక తెలంగాణ కోసం వాళ్లు రోడ్డెక్కింది ఊరికే కాదు.

వెళ్లినవాళ్లంతా పొలాలున్నవాళ్లు కారు. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచింది. వేల మంది చనిపోయారు. బతికినవాళ్లలో కొందరు హైదరాబాద్ దారి పట్టారు. పొలమున్నవాడి కొడుకు అమీర్‌పేటలో కోచింగ్‌కి చేరితే, పొలం లేనివాడు అదే నగరంలో మేస్త్రీ వెనక ఇటుకలు మోశాడు. మనం చెప్పుకునే వలస కథల్లో ఈ రెండోవాడి ఊసే ఉండదు. అపార్ట్‌మెంట్ల గోడల్లో మాత్రం అతని రెక్కల కష్టం ఉంది.

పోయిన సంక్రాంతికి వచ్చిన మనవడు బయల్దేరుతుంటే, నాగాయలంకలో మా పిన్ని బియ్యం బస్తా మూతి గోనె సూదితో కుట్టి, పట్టుకోడానికి రెండు చెవులు వదిలింది. బస్తా అతని చేతికిస్తూ అంది: “కొత్త బియ్యం రా, ఎసరు కాస్త తక్కువ పెట్టమను మీ అమ్మని.”