బస్తరు దసలిపట్టు

బస్తరు అరణ్యములకు దక్షిణపు కొసను, కొంటా తాలూకాలో, తెలుగుదేశపు పొలిమేరకు దాపుగా భేజ్జి గ్రామము కలదు. 2012లో ఏర్పడిన సుక్మా జిల్లాలో నేడిది చేరియున్నది. ఆ ప్రాంతపు దోర్లాల గోండు పలుకులో తెలుగు మాటలు ఎన్నో కలిసిపోయినవి. ఈ సీమలకు ఏలికలు వేసిన ఎల్లలు పలుమారులు చెరిగినవి. కాని దసలిపట్టు పురుగునకు ఎల్ల ఒక్కటే: అది మేయు చెట్టు. బస్తరులో అది ముఖ్యముగా సాలవృక్షమును ఆశ్రయించును. గోదావరి కిరువైపులనున్న మహాదేవపురము, చెన్నూరు అడవులలో మద్దిచెట్టును ఆశ్రయించును.

దసలిపురుగు చిలుకగా మారిన పిమ్మట ఆహారము ముట్టదు. మేయుటకు దానికి నోరు లేదు. పురుగుగా ఉన్నపుడు ఆకులనుండి కూడబెట్టుకొన్న సత్తువతోడనే కొలది దినములు బ్రతుకును. ఆడుచిలుక కొమ్మను కరచుకొని గాలిలోనికి ఒక సూక్ష్మగంధమును విడుచును. మగచిలుక ఈకలవంటి మీసములతో దానిని పసిగట్టి చీకటిలో వెదకికొనుచు వచ్చును. గ్రుడ్లనుండి వెలువడిన పురుగు నాలుగుమారులు కుబుసము విడిచి, నెలకు పైగా మేసి, గట్టి కాడతో కొమ్మకు వ్రేలాడునట్లు పట్టుకాయను కట్టుకొనును. సంవత్సరాంతమున కట్టిన కాయలోని ప్రాణి చలిని, ఎండను నిద్రలోనే గడపి, తొలకరికి మేల్కాంచును. అంత గట్టి గూటినుండి అది ఎట్లు వెలువడును? ఇట్టి పట్టుచిలుకలు ఒక ద్రవమును స్రవింపజేసి, పట్టుపోగులను అంటించిన జిగురును కరగించునని 1964లో కఫాటోస్, విలియమ్స్ అను శాస్త్రజ్ఞులు నిరూపించిరి.

ఈ పురుగును గూర్చిన శాస్త్రచరిత్రలో తెలుగునాటికిని సంబంధము కలదు. సామర్లకోటలో మొక్కలను పెంచి పరిశోధించిన విలియం రాక్స్‌బర్గు 1793లో కలకత్తా వృక్షోద్యానమునకు వెళ్లెను. 1804లో లండనునందలి లినీయన్ సంఘపు సంపుటములో దసలి, ఆముదపు పట్టుపురుగులను వర్ణించుచు అతని వ్యాసము వెలువడెను. తరువాత ఇంగ్లండు రంగులద్దకపు నిపుణుడు థామస్ వార్డిల్ ఈ మోటుపట్టునకు రంగు పట్టించుటకు ఏండ్ల తరబడి శ్రమించి, 1881లో భారతదేశపు అడవిపట్టులపై గ్రంథము ప్రకటించెను. 1964లోనే రాంచీలో కేంద్ర దసలి పరిశోధనాలయము నెలకొన్నది.

ఇంతటి కృషి జరిగినను, బస్తరు సాలవనములలోని 'రైలీ' అను దసలిజాతి మానవునికి పూర్తిగా వశము కాలేదు. మల్బరీ పట్టుచిలుక వేలయేండ్ల పెంపకమువలన ఎగురుటయే మరచినది. రైలీ మాత్రము తన అడవిలో, తన చెట్టుపైననే సరిగా వర్ధిల్లును. దాని కాయలను అడవిబిడ్డలు ఏరి తెచ్చి సంతలో అమ్ముకొందురు. చిక్కు ఇక్కడనే ఉన్నది. ఎడతెగని నూలు కావలెనన్న చిలుక వెలువడకమునుపే లోని ప్రాణిని చంపవలెను. మరుసటి ఏటికి పంట కావలెనన్న దానిని బ్రతుకనీయవలెను. కనుకనే ఏరిన కాయలలో కొన్నిటిని విత్తనమునకై అడవిలోనే వ్రేలాడదీసి, చిలుకలను తమంత తాము జతకూడనిచ్చు పద్ధతి ప్రారంభమైనది.

చెట్టు నరికిన చోట ఈ పద్ధతియు నిష్ఫలమే. మల్బరీ పురుగునకు పెంచువాని ఇల్లు చాలును. రైలీకి సాలవనమే ఇల్లు. దానిని కాపాడదలచినవాడు ముందుగా ఆ వనమును కాపాడవలెను.