మందు ఉంది, కానీ లాకర్‌లో ఉంది

ఈరోజు ఒక చట్టం వెనక ఉన్న కథ చెప్పుకుందాం.

2003 సెప్టెంబర్, కెనడాలోని ఒంటారియో. సబ్రినా షానన్‌కి 13 ఏళ్లు, అప్పుడే హైస్కూల్‌లో చేరింది. తనకి పాలు, వేరుశనగలు, సోయా పడవు. స్కూల్ క్యాంటీన్‌లో ఫ్రెంచ్ ఫ్రైస్ తింది. కాసేపటికే ఊపిరాడలేదు. ముందు ఆస్తమా అనుకున్నారు. ఇంజెక్షనేమో లాకర్‌లో ఉంది. పరుగెత్తుకెళ్లి తెచ్చేసరికి ఆలస్యమైపోయింది. మర్నాడు చనిపోయింది. చీజ్ అంటిన పట్టకారుతోనే ఫ్రైస్ తీసి ఉంటారని తర్వాత అనుమానించారు.

మరి అప్పటికి సైన్స్‌కి ఈ జబ్బు తెలీదా? బాగా తెలుసు. పడని పదార్థం ఒంట్లోకి వెళ్తే గొంతు వాచిపోయి, బీపీ పడిపోయే ఈ రియాక్షన్‌కి 'అనాఫిలాక్సిస్' అని 1902లోనే పేరు పెట్టారు. ఆ పరిశోధనకి ఫ్రాన్స్ శాస్త్రవేత్త షార్ల్ రిషేకి 1913లో నోబెల్ కూడా వచ్చింది. దీనికి మందు అడ్రినలిన్. తొడకి గుచ్చితే చాలు, మందు లోపలికి వెళ్లిపోయే ఎపిపెన్‌కి అమెరికాలో 1987లోనే అనుమతి వచ్చింది.

అంటే జబ్బు తెలుసు, మందు ఉంది, పెన్ కూడా ఉంది. లేనిదల్లా టైమే. మా సాఫ్ట్‌వేర్ వాళ్లకి ఇది బాగా తెలుసు: బ్యాకప్ ఉండటం వేరు, సర్వర్ పడిపోయినప్పుడు అది చేతికి అందడం వేరు.

సబ్రినా వాళ్లమ్మ ఊరుకోలేదు, చట్టం కోసం పోరాడింది. 2005లో ఒంటారియో అసెంబ్లీ 'సబ్రినా చట్టం' పాస్ చేసింది. 2006 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. అందులో కొత్త మందు గురించి ఒక్క ముక్క లేదు. స్టాఫ్‌కి క్రమం తప్పకుండా ట్రైనింగ్ ఇవ్వాలి. అలర్జీ ఉన్న ప్రతి పిల్లకీ, పిల్లాడికీ విడిగా ఒక ప్లాన్ ఉండాలి. ప్రాణం మీదకొస్తే, ముందస్తు అనుమతి లేకపోయినా స్టాఫ్ ఇంజెక్షన్ ఇవ్వొచ్చు. ఇదీ చట్టం.

తర్వాత మిగతా దేశాలూ కదిలాయి. స్కూళ్లలో ఈ మందు ఉంచుకునేలా ప్రోత్సహించే చట్టం అమెరికాలో 2013లో వచ్చింది. ఎమర్జెన్సీ కోసం స్కూళ్లే పెన్నులు కొనుక్కోవచ్చని బ్రిటన్ 2017లో అనుమతించింది.

మీ ఇంట్లోనో, మీ చుట్టాల్లోనో ఇలాంటి అలర్జీ ఉన్న పిల్లలుంటే, స్కూల్‌కెళ్లి రెండే ప్రశ్నలు అడగండి. మందు ఎక్కడుంది? అది ఎవరిస్తారు? రెండింటికీ వెంటనే జవాబు రాకపోతే, ఆ మందు ఇంకా లాకర్‌లోనే ఉన్నట్టు.