పల్టెక్: మూడు తరముల నాద సంస్కారము

నేడు పాటల మిక్సింగు జరుగు గదులలో, కంప్యూటరు తెరపై తరచుగా కానవచ్చు బొమ్మ యొకటి కలదు: నీలివర్ణపు ఫలకము, దానిపై నల్లని గుండ్రని నాబులు, వాని చుట్టును సున్న మొదలు పది వరకు అంకెలు. అమెరికాలో గత శతాబ్ది మధ్యమున జన్మించిన పల్టెక్ ఈక్వలైజరునకు ప్రతిరూపమైన ప్లగిన్ అది. స్వరమున ఏ సూక్ష్మాంశమునైనను మౌసు కదలికతో సవరింపగల ఆధునిక సాధనములు కోకొల్లలుగా నుండగా, ఆ పాత పేటికకు ఇంకను ఇంత గౌరవ మేల కలిగెనో విచారింపదగియున్నది.

న్యూజెర్సీ రాష్ట్రమందలి టీనెక్ పట్టణమున యూజీన్ షెంక్ తన సహచరునితో గూడి నడిపిన పల్స్ టెక్నిక్స్ (పల్టెక్) సంస్థ, 1951లో ఈక్యూపీ-1 అను ఈక్వలైజరును, అటు పిమ్మట దశాబ్దమునకు దాని సంస్కృతరూపమైన ఈక్యూపీ-1ఏను వెలువరించెను. కెపాసిటర్లు, తీగచుట్టలు, నిరోధకములు మాత్రమే గల ఆ సవరణ వలయమునకు స్వయముగా ధ్వనిని హెచ్చించు శక్తి లేదు. అందు ప్రవేశించిన సంకేతము సుమారు 16 డెసిబెల్స్ క్షీణించును. ఆ నష్టమును వెనుకనున్న వాక్యూం ట్యూబుల యాంప్లిఫయరు పూరించును. కావున మనము ‘బూస్టు’ అని తిప్పెడి నాబు నిజమునకు ఆ స్థాయి నష్టమును తగ్గించుచున్నదన్నమాట. నాబులన్నియు సున్నవద్ద నున్నను, ట్యూబులగుండా, ట్రాన్స్‌ఫార్మర్లగుండా సాగివచ్చిన ధ్వనికి ఒకింత వెచ్చదనము అబ్బునని ఇంజనీర్లు చెప్పుదురు.

ఈ యంత్రమున మిక్కిలి ప్రసిద్ధికెక్కినది మంద్రస్థాయి ప్రయోగము. 20, 30, 60, 100 హెర్ట్జ్ ఆవృత్తులలో ఒకదానిని ఎన్నుకొని, అచ్చటనే హెచ్చించుటకొక నాబును, తగ్గించుటకు వేరొక నాబును తిప్పవచ్చును. రెండింటిని ఒక్కసారి తిప్పినచో ఒకదానినొకటి రద్దుచేయునని ఎవరికైనను తోచును. కాని ఆ రెండు వలయముల ప్రభావరేఖలు సరిగా ఒకదానిపై నొకటి పడవు. తగ్గింపు ప్రభావము హెచ్చింపుకంటె కొంత పైస్థాయికి ప్రాకుచుండును. తత్ఫలితముగా అడుగున గాంభీర్యము నిండుగా నిలిచి, దానికి పైన చిన్న పల్లమేర్పడి, కిక్ డ్రమ్మునందును బాస్ గిటారునందును పేరుకొనెడి ముద్దతనము తొలగిపోవును. కాగితముపై వ్యర్థముగా కనుపించు ఈ ప్రయోగమును శ్రద్ధగా వినిన చెవులు విద్యగా నిలిపినవి.

తారస్థాయియందు 3 వేలనుండి 16 వేల హెర్ట్జ్ వరకు హెచ్చింపు స్థానములు కలవు. బ్యాండ్‌విడ్త్ నాబును విశాలముగా నుంచి 10 లేక 12 వేల వద్ద మెల్లగా పెంచినచో, గాయని కంఠమునకు కాంతి చేకూరునే గాని కరుకుదనము అంతగా రాదు. ఆ వలయపు వంపు అంత మృదువైనది.

ఈ శతాబ్ది ఆరంభమునుండి యూనివర్సల్ ఆడియో, వేవ్స్ మొదలగు సంస్థలు ఆ వలయముల నడవడిని గణితముగా మార్చి ప్లగిన్లను నిర్మించినవి. ఒకనాడు పెద్ద స్టూడియోలకు మాత్రమే అందుబాటున నున్న సాధనము, నేడు హైదరాబాదులో ఇంటిగదియందు పాట కూర్చుకొను యువకునకును లభించుచున్నది. ఇది హర్షింపదగిన విషయము. ఆ నాబులపై అంకెలు డెసిబెల్స్ కావు, తెరపై వక్రరేఖయు లేదు. అందుచే నిర్ణయభారమంతయు చెవిపైననే పడును. ఈ నిర్బంధమే దీని ప్రథమ గుణమని నా దృఢవిశ్వాసము.

అయితే పెరిగిన శబ్దమును మెరుగైన నాదముగా భ్రమించుట మానవసహజము. కావున ఈ విద్య నభ్యసించు యువకులు, ప్లగిన్‌ను తిప్పిన పిదప దాని అవుట్‌పుట్‌ను మునుపటి స్థాయికి సమముగా దించి, ఆపియు నడిపియు, పాటంతటితో కలిపి వినవలెను. అట్లు వినినప్పుడు భేదము తోపనిచోట దానిని తొలగించుటయే ఉత్తమము.