రాళ్లకు నంబర్లు వేశారు, ఊళ్లకు?

మా నందికొట్కూరు నుంచి కృష్ణ ఒడ్డుకు పోతే సంగమేశ్వరం. శ్రీశైలం డ్యాం నీళ్లొస్తాయని అక్కడి రూపాల సంగమేశ్వరుడి గుడిని రాళ్లుగా విప్పి కర్నూలు జగన్నాథగట్టు మీద నిలబెట్టారు. కూడవెల్లి గుడి అలంపురం చేరింది. మంచి పనే. ఆ చెక్కుడు అందరి సొత్తు.

కానీ 1981 నాటికి వందకు పైగా ఊళ్లు ఖాళీ అయ్యాయి. వాటి పీర్ల చావిళ్లకు, ఖబరస్తాన్లకు, రచ్చబండలకు నంబర్లు వేసిందెవరు?

సాయిబుల చరిత్ర అంటే నవాబులే అనుకుంటారు. హంద్రీ ఒడ్డున అబ్దుల్ వహాబ్ ఖాన్ గోరీకి 1958 చట్టం నీడ ఉంది. దూదేకుకుని బతికినోళ్ల మొహల్లాకు లేదు. పీర్ల గుండం చుట్టూ మాతోపాటు ఊరంతా తిరిగేది. ఆ తిరుగుడు లేకుంటే చావిడి ఉత్త గోడలే.

అందుకే ముందు మనమే లెక్క రాయాలి. చావిడి ఎవరు కట్టారు, సున్నం ఎవరు కొడతారు, పీర్లను ఎవరెత్తుతారు? పాత గచ్చు గోడకు సిమెంటు పూయొద్దు. చెమ్మ లోపలే నిలిచి గోడను తినేస్తుంది.

మా దాదీతో సగం మొహల్లా పేర్లు మట్టిలోకి పోయాయి. మిగిలిన సగం రాసుకుంటున్నాను. మీ వీధి సంగతి మీరు రాయండి.