అచ్చక్షరానికి యజమాని ఎవరు?

కవుల కాలనిర్ణయం మీదా, కృతికర్తృత్వం మీదా మన పండితులు చేసిన వాదోపవాదాలు తక్కువేమీ కాదు. కాని ఆ కవుల మాటలు ఏ సాధనం మీద ఎక్కి మనదాకా వచ్చాయనే ప్రశ్నను సాహిత్య విమర్శలో భాగంగా పరిగణించినవారు తక్కువ. తాటాకు, కాగితం, సీసపు అచ్చు, కంప్యూటరు ఫైలు - ఇవన్నీ సాహిత్యానికి వెలుపలి వస్తువులనీ, వాటి మంచిచెడ్డలు లేఖకులూ, అచ్చాఫీసులవారూ చూసుకోవలసినవనీ మనలో ఒక భావం వుంది. ఈ భావం సరైంది కాదు. సాధనం మారినప్పుడల్లా పాఠం కదిలింది. తాటాకు నుంచి తాటాకుకు ఎత్తి రాసిన ప్రతిసారీ ఒక పాఠాంతరం పుట్టింది. ఆ పాఠాంతరాలను తేల్చటానికే పరిష్కరణ అనే శాస్త్రం అవసరమైంది.

కంప్యూటరు వచ్చాక ఈ బాధ తీరిందనుకున్నాం. ఒకసారి కంపోజు చేస్తే ఎన్ని ప్రతులైనా అక్షరం పొల్లుపోకుండా తీయవచ్చుననుకున్నాం. కాని పాత యంత్రం తీసేసి కొత్త యంత్రం కొన్న ప్రతి ఆఫీసులోనూ, ప్రతి ప్రచురణాలయంలోనూ జరుగుతున్నది వేరు. పాత ఫైలు కొత్త కంప్యూటరులో తెరిస్తే తెలుగు వుండదు. ఇంగ్లీషు అక్షరాలూ, చుక్కలూ, కొక్కేలూ కలగలిసిన గందరగోళం వుంటుంది. లేదా తెలుగే వుంటుంది గాని పుటలు జరిగిపోయి, పంక్తులు విరిగిపోయి, విషయసూచికలోని అంకెలకూ లోపలి పుటలకూ పొత్తు కుదరదు. ఈ రెండూ ఒకే జబ్బు అని చాలామంది అనుకుంటారు. కావు. ఒకటి అక్షరం పోవటం. రెండోది అక్షరం తొడుక్కున్న చొక్కా పోవటం. ఈ తేడా ఎలా వచ్చిందో తెలియాలంటే కొంచెం చరిత్ర చూడాలి.

తెలుగు మాటలు మొదట అచ్చయింది మన దేశంలో కాదు. 18వ శతాబ్దం మధ్యలో జర్మనీలోని హాలే పట్టణంలో బెంజమిన్ షుల్జ్ అనే మిషనరీ తెలుగులో క్రైస్తవ గ్రంథాలు అచ్చువేయించాడు. 1814లో శ్రీరాంపూరు నుంచి కేరీ వ్యాకరణం, 1816లో మద్రాసు నుంచి కాంబెల్ వ్యాకరణం వెలువడ్డాయి. 1854లో వావిళ్ల రామస్వామి శాస్త్రులు అచ్చుకూటం పెట్టిన తరవాత మన కావ్యాలు మన పండితుల చేతులమీదుగా అచ్చులోకి రావటం వూపందుకుంది. ఈ సీసపు యుగంలో అక్షరాలు అచ్చాఫీసు యజమాని ఆస్తి. కేసుల్లో వందల గదులు, ఆ గదుల్లో తలకట్లు, గుళ్లు, కొమ్ములు, వత్తులు. కంపోజిటరు వాటిని ఏరి స్టిక్కులో పేర్చేవాడు. అచ్చు అరిగితే సీసాన్ని కరిగించి మళ్లీ పోత పోసేవారు. ఐతే ఇక్కడ ఒక సంగతి గమనించాలి. అచ్చు యజమానిదే ఐనా, అచ్చయిన పుట అందరిదీ. ఒక అచ్చాఫీసు మూతపడినంత మాత్రాన అది వేసిన పుస్తకం చదవటానికి వీల్లేకుండా పోలేదు. చదవటానికి పాఠకుడికి కళ్లూ, చదువూ వుంటే చాలు. ఆ సీసం అక్కర్లేదు.

కంప్యూటరులో ఈ సంబంధం తలకిందులైంది. యంత్రానికి అక్షరం ఆకారంగా తెలియదు, అంకెగా తెలుసు. ఫలానా అంకె ఫలానా అక్షరానికి గుర్తు అనే ఒప్పందమే దానికి లిపి. ఆ అంకెకు తెరమీద ఏ బొమ్మ వేయాలో చెప్పేది ఫాంటు. ఒప్పందం అందరికీ తెలిసినదైతే ఫాంటు ఏదైనా అక్షరం అక్షరంగానే వుంటుంది. ఒప్పందం ఒక కంపెనీ ఇంటిగుట్టు ఐతే, ఆ కంపెనీ ఫాంటు లేనిచోట అక్షరమే లేదు.

మన దేశంలో బహిరంగమైన ఒప్పందం ఏర్పడకపోలేదు. భారతీయ భాషలన్నిటికీ కలిపి ఇస్కీ అనే సంకేత ప్రమాణం 1988లో ఒక రూపానికి వచ్చింది. 1991లో భారతీయ ప్రమాణాల సంస్థ దాన్ని జాతీయ ప్రమాణంగా ప్రకటించింది. కాన్పూరు ఐఐటీలో పుట్టి, పూనాలోని సీడాక్ చేతుల్లో పెరిగిన జిస్ట్ పరిజ్ఞానం దీనికి ఆధారంగా నిలిచింది. మరి మన అచ్చాఫీసులు దీన్ని ఎందుకు అందుకోలేదు? వారికి భాషాభిమానం లేకనా? ఈ వాదంలో పస లేదు. కారణం ఉత్పత్తి పరిస్థితుల్లో వుంది. పుటలు దిద్దటానికి చేతికందిన సాధనం పేజ్‌మేకర్. అది ఇంగ్లీషు కోసం పుట్టింది. ఒక అంకె, ఒక బొమ్మ, పక్కన మరో బొమ్మ - ఇదే దానికి తెలిసిన పద్ధతి. సకారం కింద తకారపు వత్తు చేర్చి, దానికి క్రావడి తగిలించి, పైన గుడిదీర్ఘం పెట్టి 'స్త్రీ' అని కూర్చే విద్య దానికి లేదు. సాయంత్రానికి శుభలేఖ, తెల్లవారేసరికి కరపత్రం అందించవలసిన చిన్న అచ్చాఫీసు ప్రమాణం కోసం ఆగలేదు. పని జరిగే మార్గం పట్టుకుంది.

ఆ మార్గం ఏమిటంటే, తెలుగును కూడా ఇంగ్లీషు వేషంలో పేజ్‌మేకర్‌లోకి పంపటం. అప్పటి ఫాంటులో వుండే స్థానాలు 256. వాటిలోనూ అన్నీ వాడుకునే వీలు లేదు. కనక ఫాంటు కంపెనీలు తెలుగు అక్షరాలను ముక్కలు చేసి, ఇంగ్లీషు అక్షరాలూ, ఇతర గుర్తులూ వుండే గదుల్లో సర్దాయి. ఒక విధంగా ఇది పాత కంపోజిటరు కేసే. కాని పాత కేసులో గదుల అమరిక ఎలా వున్నా పాఠకుడికి నష్టం లేదు. కొత్త కేసులో గదుల అమరికే పాఠం. ఒక అమరికలో గుడిదీర్ఘంతో కూడిన సకారం ఒకే ముక్క కావచ్చు, మరో దానిలో రెండు ముక్కలు కావచ్చు. అను, శ్రీలిపి వగైరా పేర్లతో తెలుగునాట వాడుకకెక్కిన ఫాంటు కుటుంబాలు దేని సర్దుబాటు అది చేసుకున్నాయి. ఈ కంపెనీలను నిందించటం నా వుద్దేశం కాదు. తెలుగు డీటీపీని నిలబెట్టినవి అవే. రకరకాల అందమైన అచ్చుముఖాలు ఇచ్చినవీ అవే. కాని వాటి మేలు ఎంత వుందో వాటివల్ల వచ్చిన బంధనమూ అంతే వుంది.

ఆ బంధనం ఎలాంటిదో నాకు మా కళాశాల వార్షిక సంచికల విషయంలో తెలిసివచ్చింది. పాత సంచికల్లోని విద్యార్థుల రచనల నుంచి ఒక సంకలనం తీయాలనుకున్నాం. అచ్చుప్రతులు కొన్ని చెదపట్టాయి. సీడీలు మాత్రం భద్రంగా వున్నాయి. సీడీలోని ఫైలు తెరిస్తే ఒక్క తెలుగు అక్షరం లేదు. కంపోజు చేసిన ఆపరేటరు ఆ వృత్తే మానేశాడు. అదే ఫాంటు కుటుంబంలో తరవాత వచ్చిన రూపాన్ని తెచ్చి వేస్తే కొన్ని అక్షరాలు కుదిరాయి, కొన్ని వేరే అక్షరాలయ్యాయి. చివరికి చెదలు తినగా మిగిలిన కాగితం చూసి విద్యార్థులు మళ్లీ టైపు చేశారు. చెడిపోని ఫైలు నిరుపయోగమై, చెడిపోయిన కాగితం దిక్కయింది. క్షరం కానిది అక్షరమని వ్యుత్పత్తి చెప్పే ఉపాధ్యాయులం ఈ సంగతిని ఆలోచించక తప్పదు.

ఇక యూనికోడ్ సంగతి. 1991 అక్టోబరులో వెలువడిన దాని మొదటి రూపంలోనే తెలుగుకు 128 స్థానాలు కేటాయించారు. భారతీయ లిపుల అమరికకు 1988 నాటి ఇస్కీయే ఆధారం. ఇందులో ముక్కలకు చోటు లేదు, అక్షరాలకే చోటు. 'స్త్రీ' అనే మాట ఏ కంప్యూటరులోనైనా స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం అనే ఆరు అంకెలే. వాటిని కూర్చి బొమ్మగా మలచటం ఫాంటూ, యంత్రమూ కలిసి చేసే పని. ఈ విభజన అతి ముఖ్యమైనది. దీనివల్ల అక్షరం వేరు, ఆకారం వేరు అయ్యాయి. వెతికితే మాట దొరుకుతుంది, అకారాదిగా పేర్చవచ్చు, పదసూచిక తయారు చేయవచ్చు. ఈ పట్టిక ఎదుగుతూ కూడా వుంది. దంత్యమైన ౘ, ౙలు 2008లో ఇందులో చేరాయి. పాత అచ్చుపుస్తకాల్లో కనిపించే నకారపొల్లు 2021లో చేరింది.

ఐతే కాగితం మీది ప్రమాణం బల్లమీది యంత్రంలోకి రావటానికి పదేళ్లు పట్టింది. 2001లో విండోస్ ఎక్స్‌పీతోపాటు గౌతమి ఫాంటు వచ్చాకే సామాన్యుడి కంప్యూటరుకు తెలుగు సహజంగా అబ్బింది. తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించి ఉచితంగా అందించిన పోతన, వేమన ఫాంటులు ఈ దశలో చేసిన మేలు మరువరానిది. అచ్చాఫీసుల నిరీక్షణ ఇంకా పెద్దది. పేజ్‌మేకర్ 2001తో ఆగిపోయింది; దాని స్థానంలోకి వచ్చిన ఇన్‌డిజైన్‌కు తెలుగు యూనికోడ్‌ను సరిగా కూర్చే శక్తి 2012లో గాని రాలేదు. అంటే డీటీపీ వచ్చింది మొదలు రెండు దశాబ్దాలపాటు అచ్చయిన తెలుగు సాహిత్యంలో చాలాభాగం మూసిన గదుల్లోనే కంపోజు అయింది. దళిత, స్త్రీవాద, ప్రాంతీయ అస్తిత్వ సాహిత్యాలు వెల్లువెత్తినదీ, చిన్న పత్రికలు వూరూరా పుట్టినదీ ఆ కాలంలోనే. పెద్ద సంస్థలు ఖర్చు పెట్టి తమ నిధిని మార్పించుకోగలవు. వెయ్యి ప్రతులు వేసి ఆగిపోయిన చిన్న పత్రికకు ఆ స్తోమత లేదు. మొదట కనుమరుగయ్యేది దాని గొంతే.

మార్పిడి సాధనాలు వున్నాయి కదా అనవచ్చు. వున్నాయి, వాడవలసిందే. కాని అవి యంత్రలేఖకులు. లేఖకుడి చేతిలో దోషం పుట్టినట్టే వాటి చేతిలోనూ పుడుతుంది. వత్తు ఒక అక్షరం నుంచి పక్క అక్షరానికి జారుతుంది, అరసున్న అదృశ్యమవుతుంది, ఱకారం రకారమవుతుంది, మధ్యలో వున్న ఇంగ్లీషు మాట తెలుగు ముక్కలుగా మారి అర్థంలేని పదమవుతుంది. ఇవి రేపటి పాఠాంతరాలు. మార్చిన ఫైలును అచ్చుప్రతితో పోల్చి ప్రూఫు దిద్దకుండా ప్రామాణిక పాఠమని నమ్మటం పరిష్కరణ తెలిసినవారు చేయదగిన పని కాదు.

యూనికోడ్‌తో సమస్య మొత్తం తీరిపోయిందనే వారితోనూ నేను ఏకీభవించలేను. అక్షరం దక్కింది, పుట దక్కలేదు. విండోస్‌లో గౌతమి తరవాత 2009లో వాణి, 2012లో నిర్మల వచ్చాయి. 2015లో వచ్చిన విండోస్ 10లో గౌతమి, వాణి కోరి తెచ్చుకుంటే తప్ప రాని అదనపు ఫాంటుల్లో చేరాయి. గౌతమిలో దిద్దిన పుస్తకాన్ని అలాంటి కొత్త యంత్రంలో తెరిస్తే వేరే ఫాంటు వచ్చి కూర్చుంటుంది. దాని వెడల్పు వేరు, ఎత్తు వేరు. వచనానికి ఇది అందం విషయం మాత్రమే కావచ్చు. వచన కవితకు పంక్తి విరుపు కూడా పాఠమే. పద్యపాదం తెగి కిందికి జారితే ఛందస్సు నేర్చుకునే విద్యార్థికి అది దోషమే.

అలాగే అచ్చాఫీసులు పాత ఫాంటులను వదలకపోవటం అజ్ఞానమని కొట్టివేయటం కూడా తగదు. ఆపరేటరు వేళ్లకు ఆపిల్ కీబోర్డు అలవాటు. ఆ వేగమే అతని జీతం. శీర్షికలకు కావలసిన అచ్చుముఖాలు చాలాకాలం పాత ఫాంటుల్లోనే దొరికాయి. గిడుగు, గురజాడ, సురవరం, పెద్దన, ధూర్జటి వంటి పేర్లతో స్వేచ్ఛా అనుమతులతో ఫాంటులు వచ్చాక ఈ కొరత కొంత తీరింది. శ్రామికుడి అలవాటును ఎగతాళి చేసే సంస్కరణ ఏదీ నిలవదు. అతని వేళ్ల అలవాటును అలాగే వుంచి యూనికోడ్‌ను ఇచ్చే సాధనాలు అతనికి అందించాలి.

మరి కర్తవ్యం ఏమిటి? ప్రతి రచనకూ మూడు పొరలు వున్నాయని గుర్తించాలి: సంకేతం, ఆకారం, పుట. సంకేతం కోసం ప్రతి పుస్తకపు పాఠాన్నీ అలంకారాలు లేని యూనికోడ్ ఫైలుగా విడిగా దాచాలి. ఆకారం కోసం వాడిన ఫాంటు పేరూ, దాని రూపసంఖ్యా రాసిపెట్టి, అనుమతి వున్నచోట ఫాంటును కూడా ఫైలుతోపాటు వుంచాలి. వర్డ్ వంటి సాధనాల్లో ఫాంటును ఫైలులోనే పొదిగే వీలుంది. కొన్ని ఫాంటులు మాత్రం ఆ పొదుగుడును నిషేధిస్తాయి. కనక ఎంపికప్పుడే ఆ సంగతి చూసుకోవాలి. పుట కోసం ఫాంటులు పొదిగిన పీడీఎఫ్ ప్రతి తీయాలి. 1993లో వచ్చిన ఈ రూపం 2008లో అంతర్జాతీయ ప్రమాణమైంది. దీర్ఘకాలం దాచటానికి ప్రత్యేకించిన రూపానికి 2005లోనే ప్రమాణం ఏర్పడింది. ఐతే పీడీఎఫ్ పుటను కాపాడుతుంది గాని అక్షరానికి హామీ ఇవ్వదు. పాత ఫాంటుతో చేసిన పీడీఎఫ్‌లో కన్ను తెలుగు చూస్తుంది, యంత్రం గందరగోళమే చూస్తుంది. ఈ మూడు పొరల్లో దేనికదే దాచవలసింది. పాత ఫైళ్లు అన్నీ మార్చి దిద్దేదాకా పాత కంప్యూటరును ఇనుప సామానుకు వేయకూడదు.

ఇది ఒక్కొక్క పత్రిక ఒంటరిగా చేయగలిగిన పని కాదు. విశ్వవిద్యాలయాల తెలుగు శాఖలూ, అకాడమీలూ, గ్రంథాలయాలూ పూనుకోవాలి. విద్యార్థులకు తాళపత్ర పరిష్కరణ నేర్పుతున్నాం. ఫైలు పరిష్కరణ కూడా నేర్పాలి. అక్షరానికి అందం దిద్దిన కళాకారుడి శ్రమకు వెల దక్కవలసిందే. దానిలో నాకు భిన్నాభిప్రాయం లేదు. కాని ఆ అందం కింద వుండే సంకేతం ఏ ఒక్కరి సొత్తూ కారాదు. చొక్కా కుట్టినవాడికి కూలి ఇస్తాం, మనిషిని రాసివ్వం.