ఫిజీ ద్వీపములు - మా తాతగారి గిర్మిట్

నేను ఫిజీలో భూగోళము, చరిత్ర చెప్పిన పంతులును. తెలుగు సాయంత్రపు తరగతిలో నేర్చుకున్నాను. తప్పులుంటే పెద్దలు మన్నించవలెను. ఇప్పుడు దోహాలో కుమారుని ఇంట ఉన్నాను. ఇక్కడి పిల్లలు "తాతగారూ, ఫిజీ ఎక్కడ?" అని అడుగుతారు గనుక ఈ వ్యాసము.

ఫిజీ దక్షిణ పసిఫిక్ సముద్రములో ఉన్నది. ద్వీపములు 300 పైచిలుకు, మనుషులు ఉండేవి సుమారు 100. భూమి 18,000 చదరపు కిలోమీటర్లకు కొంచెము ఎక్కువ, అనగా ఖతార్‌కు ఒకటిన్నర రెట్లు. అన్నిటికన్న పెద్దది వీతీ లేవు. దాని నడుమ కొండలు. తొమనీవీ శిఖరము 1,324 మీటర్లు. ఆగ్నేయపు గాలి తూర్పున వాన కురిపించి, కొండ దాటేసరికి ఎండిపోవును. సువాలో ఏటా సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన. (దోహాలో 100 కూడా పడదు!) పడమట నాంది, లౌటోకా, బా పొడి ప్రాంతములు. చెరకు తీపెక్కుటకు పొడి కాలము కావలెను. మనవాళ్ళు పడమటనే ఎందుకు ఎక్కువో ఈ గాలి చెప్పును.

1874 అక్టోబరు 10న ఫిజీ నాయకులు ద్వీపములను బ్రిటిషు వారికి అప్పగించినారు. మరుసటి ఏడు తట్టు రోగము వచ్చి జనములో సుమారు నాలుగో వంతు పోయినారు. గవర్నరు ఆర్థర్ గోర్డన్ ఫిజియనుల భూమి అమ్మరాదని, వారిని తోటపనికి లాగరాదని నిశ్చయించెను. మంచి మాటే. మరి పని ఎవరు చేయవలెను? ఆయన అంతకు ముందు మారిషస్ గవర్నరు. అక్కడ భారత కూలీలను చూసినవాడు. 1879లో 'లియోనిడాస్' ఓడ కలకత్తా నుండి మొదటి కూలీలను తెచ్చెను.

మద్రాసు నుండి ఓడలు 1903లో మొదలైనవి. లౌటోకా చక్కెర మిల్లు కూడా అదే ఏడు నడిచినది. 1916 వరకు వచ్చిన 60,000 పైచిలుకు మందిలో సుమారు నాలుగో వంతు మద్రాసు ఓడల వారు. వారిలో విశాఖపట్నము, గోదావరి, కృష్ణా జిల్లాల వారున్నారు. అగ్రిమెంటు అనుటకు నోరు తిరగక 'గిర్మిట్' అన్నారు. ఐదేళ్ళ పని, మగవారికి రోజుకు ఒక షిల్లింగు, ఆడవారికి తొమ్మిది పెన్నీలు. పది అడుగులు, ఏడు అడుగుల గదిలో ముగ్గురు. 1920 జనవరి 1న అది రద్దయినది.

పొలములో సర్దారు మాట హిందుస్తానీ. తెలుగు ఇంటిలోనే మిగిలినది. 1926లో దక్షిణ భారతీయుల సంగము, 1941లో ఆంధ్రులకు వేరుగా దక్షిణ ఇండియా ఆంధ్ర సంగము ఏర్పడినవి. మా నాన్నగారికి తెలుగు బాగా వచ్చును, మాతో మాత్రము హిందీయే. ఎందుకు చెప్పలేదని నాకు చాలా ఏళ్ళు కోపము. 'మద్రాసీ' అని తనను నవ్వినారట, మమ్ములను నవ్వకూడదనుకున్నారు.

1970లో స్వాతంత్ర్యము వచ్చినది. 1987లో సైన్యము రెండు సార్లు ప్రభుత్వమును కూల్చగా, మనవాళ్ళు వేలమంది ఆస్ట్రేలియా, న్యూజీలాండు, కెనడా పోయినారు. 2023 నుండి గిర్మిట్ దినము అక్కడ సెలవు.

కూలీల పాసులు సువాలో భద్రముగా ఉన్నవి. 1911లో వచ్చిన మా తాతగారి పాసులో జిల్లా విశాఖపట్నము అని స్పష్టముగా ఉన్నది. ఊరి పేరు గుమాస్తా ఇంగ్లీషులో వ్రాసినాడు. బోడపల్లి అనవచ్చు, బూడిపల్లి అనవచ్చు, బొద్దపల్లి అనవచ్చు. ఆ వైపు వారు ఎవరైనా ఉంటే పండుగ భోజనముల వద్ద నన్ను కలవండి. కాగితము నకలు నా జేబులోనే ఉంటుంది.