మాచ్‌ఖండ్ కొండల్లో మట్టి సంచులు

మాచ్‌ఖండ్‌లో 1955లో జలవిద్యుత్తు మొదలైంది. కొండల మట్టి కొట్టుకొచ్చి జోలాపుట్ జలాశయం పూడకుండా చూడాలంటే, ఏ వాలులో ఎంత మట్టి ఉందో ముందు తెలియాలి. మూడవ పంచవర్ష ప్రణాళిక (1961–66) నాటి భూసంరక్షణ పథకాలకు ఆ లెక్కే ఆధారం. ఫీల్డు అసిస్టెంట్లుగా మా పని మనిషి లోతు గొయ్యి తవ్వించడం, పొరపొరకూ మట్టిని తడిపి వేళ్ల మధ్య నలిపి చూడటం, మన్సెల్ రంగుల పుస్తకంతో పోల్చడం, చీటీ వేసి గుడ్డసంచి కట్టడం. చీటీ తడిసిందా, రోజంతా వృథా!

అడవి నీడన పైమట్టి నల్లగా, మెత్తగా ఉండేది. పక్కనే పోడు కొట్టిన వాలులో పారతో రెండు దెబ్బలకే ఎర్రమన్ను, గులకరాళ్లు. తప్పంతా గిరిజనులదేనని అప్పట్లో తేలిగ్గా అనేసేవారు. నిజానికి చెట్టు మళ్లీ లేవడానికి నేలను వదిలే ఏళ్లు తగ్గిపోయాయి. మా సంచులు మోసి కొండ దించింది ఆ గిరిజనులే. నేను చూసిన పటాల అడుగున వారి పేర్లూ లేవు, మా పేర్లూ లేవు.